డైనోసార్లు ఎలా అరిచేవో అసలు ఎలా చెప్తున్నారు? బావతో పందెం, కాస్త తేల్చండి

బావతో_పందెం (శనివారం రాత్రి 9:40)

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, తప్పులుంటే సర్దుకుపోండి. మా బావ నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, పైన "టి. రెక్స్ అసలు గొంతు ఇదే, సైంటిస్టులు కనిపెట్టేశారు" అని రాసుంది, తెరిస్తే నల్ల స్క్రీను, వెనకాల ఏదో బొంగురు శబ్దం, అంతే. నేను ఊరుకోకుండా "బావా, ఎముకలంటే దొరుకుతాయి, అరుపు ఎక్కడ దొరుకుతుంది, రాయిలో రికార్డయి ఉంటుందా" అన్నా. దానికి ఆయన "పుర్రెని కంప్యూటర్లో పెట్టి తీశారు, నీకు తెలీదు ఊరుకో" అన్నాడు. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది, ఓడినోళ్ళు నెల రోజులు "నువ్వే కరెక్ట్" అని స్టేటస్ పెట్టుకోవాలి. అక్క ఎవరి పక్షమూ కాదంట. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇందులో నిజంగా తెలిసింది ఎంత, గాలి కబురు ఎంత?

నమ్మబుద్ధైతలే (9:52)

ఏముంది భయ్యా, గొంతు అంటే మెత్తటి కండ, కండ కుళ్ళిపోతది. ఆరున్నర కోట్ల ఏండ్ల కింద కుళ్ళిపోయినదాని గొంతు ఇప్పుడు వినిపిస్తుండ్రంటే అది వ్యూస్ కోసమే. నువ్వే గెలిచినవ్. థ్రెడ్ బంద్ చెయ్.

రాతిపొర (10:31)

అప్పుడే బంద్ చెయ్యకండి :) బావగారు సగం తప్పు, సగం కరెక్టు. టి. రెక్స్ అన్నది తప్పు. "పుర్రెని కంప్యూటర్లో పెట్టి తీశారు" అన్నది మాత్రం నిజంగానే జరిగింది, కాకపోతే వేరే డైనోసార్‌కి.

దాని పేరు పారాసారోలోఫస్. మేత మేసే జంతువు, బాతు ముక్కులాంటి మూతి, తల వెనక్కి పొడుగ్గా సాగిన ఎముక కొమ్ము. ఈ కొమ్ము గట్టి ఎముక కాదు, లోపల డొల్ల. ముక్కు రంధ్రాల దగ్గర మొదలైన గాలి దారి కొమ్ము చివరిదాకా పైకి వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, మళ్ళీ కిందికి వచ్చి గొంతులో కలుస్తుంది. అంటే అది పీల్చిన ప్రతి ఊపిరీ ఆ చుట్టు తిరగాల్సిందే.

1922లో దీనికి పేరు పెట్టారు, కెనడాలో ఆల్బెర్టాలో దొరికిన పుర్రె. అప్పటినుంచీ ఈ కొమ్ము దేనికి అనేదానిమీద రకరకాల ఊహలు. ఇవి నీళ్ళలో బతికేవని నమ్మిన కాలంలో, నీళ్ళలో మునిగి ఊపిరి తీసుకోడానికి గొట్టం అన్నారు, తర్వాత చూస్తే కొమ్ము చివర కన్నమే లేదు. గాలి దాచుకునే ట్యాంకు అన్నారు, ఏనుగంత ఒంటికి అందులో పట్టే గాలి ఏ మూలకి. 1931లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ వీమన్ మాత్రం ఇది బూర లాంటిదేమో, శబ్దం కోసమేమో అన్నాడు. ఆయన వర్ణించిన జాతి పేరే పారాసారోలోఫస్ ట్యూబిసెన్, లాటిన్‌లో ఆ మాటకి బాకా ఊదేవాడు అని అర్థం. ఆ ఊహకి లెక్క కట్టింది 1981లో డేవిడ్ వైషాంపెల్. కొమ్ములో గొట్టం పొడవులు కొలిచి, పారాసారోలోఫస్ వాకెరి జాతికి సుమారు 48 నుంచి 240 హెర్ట్జ్ (అంటే గాలి సెకనుకి అన్నిసార్లు కంపించడం, అంకె తగ్గితే శబ్దం లోతు) మధ్య శబ్దం వచ్చి ఉండొచ్చని తేల్చాడు.

ఇక బావగారి "కంప్యూటర్" కథ. 1995లో అమెరికాలో న్యూమెక్సికోలో ఒక పుర్రె కొమ్ముతో సహా దొరికింది. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళూ శాండియా నేషనల్ ల్యాబ్ వాళ్ళూ కలిసి దాన్ని సీటీ స్కాన్ చేశారు, మనుషులకి చేసినట్టే, 3 మిల్లీమీటర్లకి ఒక ముక్క చొప్పున దాదాపు 350 బొమ్మలు. వాటినుంచి లోపలి గాలి దారిని కంప్యూటర్లో కట్టి, అందులోంచి గాలి పోతే ఎలా మోగుతుందో 1997 చివర్లో వినిపించారు.

గొట్టాలశాస్త్రి (11:05)

నా సబ్జెక్టు వచ్చింది కాబట్టి దూరుతున్నా. రాతిపొర గారు చెప్పిన 48 ఎక్కడినుంచి వచ్చిందో ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు, పెద్ద విద్యేమీ కాదు.

వేణువు అయినా బాకా అయినా లోపల ఉండేది గాలి కంబం. గొట్టం పొడవు ఎంతో దాన్నిబట్టి ఆ గాలి కొన్ని స్థాయిల్లో మాత్రమే బాగా మోగుతుంది, మిగతావి అణిగిపోతాయి. రెండు చివర్లూ తెరిచిన గొట్టానికి అన్నిటికన్నా కింది స్వరం లెక్క: శబ్ద వేగాన్ని గొట్టం పొడవుకి రెట్టింపుతో భాగించాలి. ముక్కునుంచి గొంతుదాకా మెలికలన్నీ విప్పి సాగదీస్తే సుమారు మూడున్నర మీటర్లు అనుకుందాం. శబ్ద వేగం సెకనుకి 340 మీటర్లు. 340ని 7తో భాగిస్తే 48 చిల్లర. అయిపోయింది. దానికి అయిదింతలు చేస్తే 240, అంటే పైన చెప్పిన పరిధికి రెండో చివర.

వినడానికి ఎలా ఉంటుందంటే, బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ 41 హెర్ట్జ్. 48 దాని పక్కనే. 240 అయితే ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడే గొంతు స్థాయికి దగ్గర.

కానీ ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గొంతు వైపు చివర మూసినట్టు పనిచేస్తే లెక్క మారిపోతుంది, పొడవుకి నాలుగింతలతో భాగించాలి, అప్పుడు అదే గొట్టం 24 హెర్ట్జ్ ఇస్తుంది. మన చెవి 20 దగ్గర చేతులెత్తేస్తుంది కాబట్టి అది వినపడటం కన్నా ఒంటికి తెలియడం ఎక్కువ. ఒకే ఎముక, ఒకే పొడవు, చివర తెరిచిందా మూసిందా అన్నదాన్నిబట్టి స్వరం సగానికి పడిపోయింది చూశారా.

బావతో_పందెం (11:20)

అమ్మో ఇంత ఉందా. అయితే ఆ 1997 శబ్దం నిజమైన పారాసారోలోఫస్ గొంతే అన్నమాట? మరి నేను ఓడినట్టా?

గొట్టాలశాస్త్రి (11:34)

తొందరపడకండి. సన్నాయి తీసుకోండి. పొడవాటి గొట్టం ఒకటి, నోట్లో పెట్టుకునే చిన్న పీక ఒకటి. పీక కొట్టుకుంటేనే శబ్దం పుడుతుంది, గొట్టం చేసేదల్లా దాన్ని పెంచి, రంగు మార్చి బయటికి పంపడం. గొట్టం మీ చేతిలో ఉండి పీక లేకపోతే అది ఏ స్థాయిలో మోగుతుందో చెప్పగలరు, ఎలా పలుకుతుందో చెప్పలేరు. ఇప్పుడు డైనోసార్ సంగతి చూడండి, గొట్టం ఎముకలో ఉంది కాబట్టి దొరికింది, పీక దొరకలేదు. తెలుగులో గొంతుకి కూడా పీక అనే అంటాం కాబట్టి ఇంతకన్నా బాగా చెప్పడం నా వల్ల కాదు :)

శాండియా వాళ్ళు కూడా ఈ సంగతి దాచలేదు. స్వరతంత్రులు ఉన్నాయనుకుని ఒక రకం, లేవనుకుని ఇంకో రకం, రెండూ చేశారు. వీడియోలు చేసేవాళ్ళు అందులో ఒకటి కోసుకుని, ఇంకాస్త బేస్ పెంచి, టి. రెక్స్ బొమ్మ తగిలిస్తారు.

నమ్మబుద్ధైతలే (ఆదివారం ఉదయం 7:15)

నేనొకటి అడుగుత. ముక్కులో మెలికలు ఉన్నంత మాత్రాన అది బూర ఎట్లయితది? యాంకిలోసార్లు ఉన్నయి కదా, ఒళ్ళంతా కవచం ఉండేటియి, వాటి ముక్కులో ఇంతకన్నా ఘోరమైన మెలికలు ఉంటయి. 2018ల వాటిమీద ఒక పని వచ్చింది, జేసన్ బర్క్ అని, విట్మర్ టీమ్. కంప్యూటర్ల గాలి పారిచ్చి చూస్తే ఆ మెలికలు వేడి నెత్తురును చల్లార్చే పని బాగ చేస్తయని తేలింది. అంత పెద్ద ఒళ్ళు, ఇంతంత మెదడు, మెదడు ఉడికిపోకుండ ఏసీ అన్నట్టు. మరి పారాసారోలోఫస్ కొమ్ము కూడ ఏసీ ఎందుకు కాకూడదు? లేకపోతే ఊరికె అందం కోసం, నెమలి పింఛం లెక్క?

రాతిపొర (8:02)

బాగా అడిగారు, ఇది నిజంగా పట్టాల్సిన పాయింటే. ఒక అవయవం ఒకే పని చెయ్యాలని రూలేం లేదు. కొమ్ము చూపుకి గుర్తు కూడా అయి ఉండొచ్చు, జాతి జాతికీ ఆకారం వేరు, వయసుతో మారేది. 2013లో యూటాలో దొరికిన ఒక పిల్ల పారాసారోలోఫస్ గురించి పేపర్ వచ్చింది, దానికి జో అని ముద్దుపేరు. పొడవు రెండున్నర మీటర్లు, వయసు ఏడాదికి లోపే, తలమీద కొమ్ము ఇంకా చిన్న బొడిపెలా ఉంది. అందులో గాలి దారి పొట్టిది కాబట్టి గొంతు పెద్దవాటికన్నా బాగా పైస్థాయిలో ఉండి ఉంటుంది. అంటే చీకట్లో కళ్ళకి కనపడకపోయినా వింటే చాలు, అరిచింది పిల్లా పెద్దా అని మందకి తెలిసిపోతుంది.

కానీ మీ "ఏసీ ఎందుకు కాకూడదు"కి అసలు జవాబు ముక్కులో లేదు, చెవిలో ఉంది. అది బయాలజీ మేడమ్ గారు బాగా చెప్తారు, ఆవిడ ఉన్నారా?

బయాలజీ_మేడమ్ (9:48)

ఉన్నానండీ, ఇప్పుడే చూశాను.

గొంతు మెత్తటిది, పోతుంది. లోపలి చెవి కూడా మెత్తటిదే, కానీ అది పుర్రె ఎముకలో తవ్వినట్టుండే గుహలో ఉంటుంది, ఆ గుహ ఆకారం అలాగే మిగిలిపోతుంది. సీటీ స్కాన్ చేస్తే ఆ ఖాళీ కనిపిస్తుంది. అందులో తల తిరుగుడుని పట్టే మూడు అర్ధచంద్రాకార నాళాలు ఉంటాయి, వాటి కింద శబ్దాన్ని పట్టే నాళం ఒకటి వేలాడుతూ ఉంటుంది. 2009లో స్టిగ్ వాల్ష్ బృందం ఇప్పటి పక్షులూ సరీసృపాలూ చాలావాటిని కొలిచి చూస్తే, పుర్రె సైజుతో పోల్చినప్పుడు ఆ నాళం ఎంత పొడవో అన్నదానికీ ఆ జంతువు ఏ స్థాయి శబ్దాలు వింటుందో అన్నదానికీ లంకె కనిపించింది. దాన్నిబట్టి ఆర్కియోప్టెరిక్స్ అనే డైనోసార్ల కాలం నాటి ఆదిమ పక్షి వినికిడి ఇప్పటి ఈమూ పక్షికి దగ్గరగా ఉంటుందని లెక్క వేశారు.

అదే 2009లో ఇంకో పని. డేవిడ్ ఎవాన్స్, రైడ్జ్‌లీ, విట్మర్ ముగ్గురూ పారాసారోలోఫస్ దగ్గరి చుట్టాలైన కోరిథోసారస్ లాంటి కొమ్ముల డైనోసార్ల పుర్రెలు స్కాన్ చేశారు. రెండు విషయాలు తేలాయి. కొమ్ము వాసన కోసం అయ్యుంటే మెదడులో వాసన చూసే భాగం పెద్దగా ఉండాలి, అది చిన్నదే. ఇక చెవి చూస్తే, ఆ కొమ్ముల్లోంచి వస్తాయని లెక్క వేసిన లోతైన శబ్దాలనే బాగా పట్టేట్టుంది. మీ ఇంట్లో రేడియో దొరికితే చాలదు కదా, అది ఏ స్టేషన్‌కి తిప్పి పెట్టుందో చూడాలి. పంపే గొట్టం, పట్టే చెవి రెండూ ఒకే స్టేషన్ మీద ఉన్నప్పుడు "అది ఒట్టి ఏసీనే" అనడం కష్టం, నమ్మబుద్ధైతలే గారూ.

నమ్మబుద్ధైతలే (10:05)

చెవి పాయింట్ గట్టిగనే ఉంది మేడమ్. సగం నమ్ముతున్న.

పిట్టలదొర (10:40)

మెలికల గురించి నాది ఒక చిన్న మాట. క్రౌంచ పక్షుల్లో కొన్నిటికి శ్వాసనాళం మెడలో పట్టనంత పొడుగుంటుంది, మిగిలింది రొమ్ము ఎముక లోపలికి దూరి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అవి పిలిస్తే కిలోమీటర్ల దూరం వినపడుతుంది. కాబట్టి శబ్దం కోసం గాలి గొట్టాన్ని మెలిపెట్టుకోవడం అనేది ప్రకృతిలో ఇప్పటికీ నడుస్తున్న వ్యవహారమే, ఎవరో కల్పించింది కాదు.

ఇక టి. రెక్స్ దగ్గరికి వద్దాం, పందెం దానిమీదే కదా. 1993లో వచ్చిన ఆ ప్రఖ్యాత డైనోసార్ సినిమాలో గర్జన అందరి చెవుల్లో ముద్ర పడిపోయింది. అందులో ఉన్నది గున్న ఏనుగు అరుపు, పులి, మొసలి జాతి ఎలిగేటర్ కలిపిన మిక్సు. సినిమాకి బ్రహ్మాండంగా ఉంది, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ నోరు బార్లా తెరిచి గర్జించడం సింహాల్లాంటి క్షీరదాల పద్ధతి. వేటాడబోయే ముందు అలా అరిస్తే ఎర పారిపోదా అన్నది వేరే సంగతి.

2016లో టోబియాస్ రీడె, జూలియా క్లార్క్ వాళ్ళు 208 పక్షి జాతుల్ని చూశారు. అందులో 52 జాతులు నోరు మూసుకుని శబ్దం చేస్తాయి. పావురం కూత గుర్తు తెచ్చుకోండి, ముక్కు తెరవదు, మెడ ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన చర్మంలోంచే శబ్దం బయటికి వస్తుంది. మగ నిప్పుకోడి కూడా అంతే, మెడ ఉబ్బించి లోతుగా గుమ్ గుమ్మంటుంది, దూరంనుంచి వింటే సింహమేమో అనుకుంటారు. మొసళ్ళూ నోరు మూసుకునే గుర్రుమంటాయి. చిన్న పిట్టల్లో ఈ పద్ధతి కనపడదు, పావురం సైజునుంచి పైనే. డైనోసార్లు చాలావరకు పెద్ద ఒళ్ళువే కాబట్టి వాటిలోనూ కొన్ని ఇలాగే చేసి ఉండొచ్చని వాళ్ళ మాట. న్యూగినీ కాసొవరీ పక్షి అయితే 23 హెర్ట్జ్ దాకా దిగుతుంది, మనిషంత పక్షే ఆ స్థాయికి దిగితే ఏడెనిమిది టన్నుల జంతువు సంగతి ఊహించుకోండి.

కొత్తగా_చేరా22 (10:58)

అంటే టి. రెక్స్ పెద్ద పావురమా??? నా చిన్నప్పటి కల మొత్తం నాశనం చేశారు కదండీ

పిట్టలదొర (11:03)

చీకట్లో మీ వెనకాల, నోరు మూసుకుని, చెవికి సరిగ్గా వినపడకుండా పొట్టలో మాత్రం వణుకు తెప్పించే శబ్దం వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. గర్జన కన్నా అదే నయమా?

కొత్తగా_చేరా22 (11:04)

వద్దు బాబోయ్, గర్జనే ఇచ్చెయ్యండి

మోడరేటర్ (11:30)

చర్చ బాగుంది. డైనోసార్లకి ఈకలున్నాయా లేదా అని పెట్టిన మూడు పోస్టులు వేరే థ్రెడ్‌కి మార్చాను. ఇక్కడ శబ్దం వరకే.

సగంతెలిసినోడు (మధ్యాహ్నం 1:12)

పక్షులు డైనోసార్ల వారసులే కదా, మరి పక్షుల గొంతు ఎలా ఉంటే డైనోసార్ గొంతు అలాగే అనుకోవచ్చుగా? అంటార్కిటికాలో డైనోసార్ గొంతుపెట్టె కూడా దొరికిందని ఎక్కడో చదివా. ఇంక గొడవేముంది?

బయాలజీ_మేడమ్ (2:20)

చిన్న సవరణ అండీ. అంటార్కిటికాలో వేగా ద్వీపంలో దొరికింది వేగావిస్, అది అసలుసిసలు పక్షే, డైనోసార్ల కాలం చివర్లో, సుమారు 6.6 నుంచి 6.9 కోట్ల ఏళ్ల కింద బతికింది. అందులో దొరికింది సిరింక్స్ అనే పక్షుల గొంతుపెట్టె, దాని గురించి జూలియా క్లార్క్ వాళ్ళే 2016లో రాశారు. ఇంతవరకు దొరికిన సిరింక్స్‌లలో పాతది అదే. ఆకారాన్నిబట్టి బాతులూ హంసల్లాగా క్వాక్ మనో హాంక్ మనో అరిచి ఉంటుందన్నారు.

అసలు చిక్కు ఏమిటంటే గొంతుపెట్టెలు రెండు రకాలు. మనకీ మొసళ్ళకీ శబ్దం పుట్టేది గొంతు పైభాగంలో, లారింక్స్‌లో. పక్షులకి కిందికి దిగి, ఊపిరితిత్తుల దగ్గర శ్వాసనాళం రెండుగా చీలే చోట, సిరింక్స్‌లో. వాటిలో ఉండే రింగులు కొన్నిసార్లు ఎముకలా గట్టిపడతాయి, అందుకే వేగావిస్‌లో మిగిలింది. పక్షులు కాని మిగతా డైనోసార్లలో మాత్రం ఇప్పటిదాకా ఒక్క సిరింక్స్ కూడా దొరకలేదు.

అందుకని వాడే పద్ధతి ఇది. డైనోసార్లకి ఒక పక్క చుట్టాలు పక్షులు, ఇంకో పక్క చుట్టాలు మొసళ్ళు. ఈ రెండు వంశాలూ సుమారు 25 కోట్ల ఏళ్ల కింద విడిపోయాయి. రెండింటిలోనూ ఉన్న లక్షణం మధ్యలో ఉన్న డైనోసార్లలోనూ ఉండి ఉంటుంది అనడానికి ధైర్యం చెయ్యొచ్చు. ఒక్కదాంట్లోనే ఉంటే అనుమానం. సిరింక్స్ పక్షుల్లోనే ఉంది, మొసళ్ళలో లేదు, అందుకే టి. రెక్స్‌కి అది ఉందో లేదో చెప్పలేం. పిల్లలు తల్లిని పిలవడం రెండింటిలోనూ ఉంది, మొసలి పిల్లలయితే గుడ్డు పగలకముందే లోపలినుంచి కూస్తాయి, తల్లి విని గూడు తవ్వుతుంది. కాబట్టి డైనోసార్ పిల్లలు కీచుమన్నాయి అనడం, టి. రెక్స్ గొంతు గురించి చెప్పే ఏ మాటకన్నా గట్టి మాట. 2021లో మైఖేల్ హాన్సన్ వాళ్ళు చెవి నాళం మొసళ్ళూ డైనోసార్లూ పక్షులూ కలిసిన ఈ పెద్ద వంశం మొదట్లోనే పొడుగయిందని చూపించి, అది పిల్లల కీచుమనే అరుపులు వినడానికి అయ్యుండొచ్చన్నారు.

సగంతెలిసినోడు (2:31)

నా పేరు ఊరికే పెట్టుకోలేదు మేడమ్, థాంక్స్.

రాతిపొర (4:15)

మేడమ్ గారు చెప్పినదానికి తోక తగిలిస్తున్నా. సిరింక్స్ దొరకలేదు గానీ లారింక్స్ దొరికింది. మంగోలియాలో దొరికిన పినకోసారస్, ఇందాక మన మిత్రుడు చెప్పిన కవచం బాపతే, యాంకిలోసారే. జుంకి యోషిదా అనే జపాన్ పరిశోధకుడి బృందం 2023లో దాని లారింక్స్ ఎముకల్ని వర్ణించింది, పక్షి కాని డైనోసార్‌లో ఇలాంటిది అదే మొదటిసారి. చాలా పెద్దగా ఉంది, అందులో ఒక జత ఎముకలు కదిలేలా ఉన్నాయి, మొసలికన్నా పక్షి పోలికే ఎక్కువ. పక్షుల్లో లారింక్స్ శబ్దం పుట్టించదు, కింద పుట్టిన శబ్దాన్ని పైన ఆకారం మారుస్తుంది. పినకోసారస్ కూడా అలా మార్చి ఉండొచ్చని వాళ్ళ వాదన. ఆ తర్వాత 2025లో చైనానుంచి పులావోసారస్ అని కుక్కపిల్లంత చిన్న డైనోసార్ వచ్చింది, జురాసిక్ కాలంది, పొడవు ముప్పావు మీటరుకి కాస్త తక్కువ, దాంట్లోనూ ఇలాంటి గొంతు ఎముకలే ఉన్నాయి. ఈ రెండూ వంశవృక్షంలో బాగా దూరం దూరం, కాలంలోనూ దూరమే. అందువల్ల ఇలాంటి గొంతు చాలా డైనోసార్లకి ఉండేదేమో, ఇన్నాళ్ళూ వెతికేవాళ్ళు ఆ సన్న ఎముకల్ని నాలుక ఎముకలనుకుని పక్కన పెట్టేశారేమో అని నాకు గట్టి అనుమానం, మ్యూజియం డ్రాయర్లలో ఇంకా ఎన్ని ఉన్నాయో. ఇది నా సొంత గొడవ, ఎవరి మాటా కాదు.

నమ్మబుద్ధైతలే (5:02)

మీరందరు గొంతు గొంతు అంటుండ్రు, అసలు గొంతుతోనే ఎందుకు చప్పుడు చెయ్యాలె? ఫిల్ సెంటర్ అనేటాయన 2008ల ఇదే అన్నడు, డైనోసార్లు బుసలు, పళ్ళు కొట్టుడు, కాళ్ళు కొట్టుడు, నీళ్ళు చిందించుడు, ఇట్లాంటి గొంతులేని చప్పుళ్ళతోనే బతికినయేమో అని. తోక కథ కూడ ఉంది కదా, డిప్లొడోకస్ బాపతు పొడుగు తోకలోళ్ళు తోకను కొరడా లెక్క ఝుళిపిస్తే శబ్ద వేగం దాటి ఢాం అంటదని?

గొట్టాలశాస్త్రి (5:40)

ఆ కథ 1997ది. నేథన్ మిర్వోల్డ్, ఫిలిప్ కరీ ఇద్దరూ కంప్యూటర్ మోడల్ కట్టి, తోక చివర శబ్ద వేగం దాటుతుందన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి, 20 టన్నుల జంతువు కొరడా ఝుళిపించడం. కానీ 2022లో ఇంకో బృందం చర్మం, కండరాలు, కీళ్ళ బలం అన్నీ కలిపి మళ్ళీ లెక్క వేస్తే చివరి వేగం సెకనుకి 30 మీటర్ల పైచిలుకే వచ్చింది, గంటకి సుమారు 100 కిలోమీటర్లు. శబ్దం వేగం సెకనుకి 340. పదో వంతు కూడా లేదు. అంత వేగంగా తిప్పితే తోకే ఊడిపోయేది. ఢాం లేదు, దెబ్బ మాత్రం గట్టిగానే తగిలేది.

ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిందల్లా ఇదే, పాత లెక్క తప్పయితే కొత్త లెక్క దాన్ని కొట్టేస్తుంది. బావగారి వీడియోని ఏ లెక్క కొట్టేస్తుంది, అందులో లెక్కే లేదు కదా.

పిట్టలదొర (6:30)

డైనోసార్ కాదు గానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ కాలం శబ్దాల్లో మనకి అందరికన్నా బాగా తెలిసింది ఒక కీచురాయి గొంతు! చైనాలో 16.5 కోట్ల ఏళ్ల నాటి ఒక పురుగు దొరికింది, ఆర్కబాయిలస్ మ్యూజికస్ అని పేరు. ఇవి రెక్కమీద రెక్క రాసి శబ్దం చేస్తాయి, రెక్కమీద రంపపు పళ్ళలాంటి గీతలుంటాయి, అవి రాయిలో అచ్చు పడ్డాయి. ఆ పళ్ళ వరస కొలిచి 6.4 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకే స్వరంలో పాడేదని 2012లో తేల్చారు. గొట్టాలశాస్త్రి గారి మాటల్లో చెప్పాలంటే దీని గొట్టమూ దొరికింది, పీకా దొరికింది.

ఇంకోటి కూడా. 2015లో ఒక చైనా ఎలిగేటర్‌ని హీలియం కలిపిన గాలిలో పెట్టి అరిపించారు, బెలూన్ గాలి పీల్చి మాట్లాడితే మన గొంతు మారినట్టే దానికీ మారింది. దీనికి 2020లో నవ్వించే నోబెల్, అదే ఇగ్ నోబెల్ కూడా వచ్చింది. నవ్వినా, అసలు సంగతి పెద్దదే: మొసళ్ళలో కూడా గొంతు దారి పొడవు శబ్దంలో కలుస్తుంది, అంటే అరుపుని బట్టి అరిచేదాని ఒళ్ళు ఎంత ఉందో తెలిసే వీలుంది. పక్షుల్లోనూ అది ఉంది. మేడమ్ గారి రెండు చుట్టాల లెక్క వేస్తే డైనోసార్లలోనూ ఉండాలి.

బావతో_పందెం (రాత్రి 8:15)

చదివి చదివి తల తిరిగింది, కానీ బాగుంది. మొత్తానికి నాకు అర్థమైంది, టి. రెక్స్ రికార్డింగ్ అనేది లేదు, నేను గెలిచా. పుర్రె కంప్యూటర్లో పెట్టడం నిజం, బావ గెలిచాడు. ఇంకో డౌటు, గొట్టాలశాస్త్రి గారు చెప్పిన 48 హెర్ట్జ్ ఎలా ఉంటుందో చూద్దామని ఫోన్లో టోన్ యాప్ వేసి పెట్టా, ఏమీ వినపడలేదు. ఫోన్ పాడయిందా?

గొట్టాలశాస్త్రి (8:22)

ఫోన్ బాగానే ఉంది. అందులో స్పీకర్ మీ గోరంత ఉంటుంది, 48 హెర్ట్జ్ గాలిని ఊపే శక్తి దానికి లేదు, కొన్ని వందల హెర్ట్జ్ కింద అది దాదాపు మూగదే. అంటే మీ బావ పంపిన వీడియోలో మీరిద్దరూ ఫోన్లో విని కొట్టుకున్న ఆ "బొంగురు శబ్దం"లో అసలు లోతు ఉన్నా మీకు చేరలేదు, విన్నదంతా పైన తేలిన గరగర మాత్రమే. పెద్ద స్పీకర్ ఉంటే దాంట్లో పెట్టి చూడండి, కాస్త తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టండి.

అసలు_బావ (9:47)

నమస్కారం, నేనే ఆ బావని. మావాడు లింకు పంపితే చేరాను. టి. రెక్స్ అన్నది నేను కాదండీ, వీడియో పైన రాసిందే చదివాను. పందెం సగం సగం అని ఒప్పుకున్నాం, చెరో పదిహేను రోజులు స్టేటస్. ఇంతకీ హోమ్ థియేటర్ సబ్‌వూఫర్‌లో 48 పెట్టాం, అది వినపడింది. తర్వాత మావాడు మూసిన గొట్టం లెక్క కూడా చూద్దాం అని 24 పెట్టాడు, వినపడటం దాదాపు లేదు గానీ షోకేసులో గ్లాసులు గలగలమన్నాయి, సోఫా కింద పడుకున్న పిల్లి లేచి పక్క గదిలోకి పారిపోయింది. వాళ్ళక్క వచ్చి ప్లగ్ పీకేసింది.